క్యాల్షియం 11.4, పీటీహెచ్ మాత్రం ‘నార్మల్’: మా అమ్మగారికి అసలు కారణం ఎలా తేలుతుంది?

ప్రశ్న
తెనాలి నుంచి ఒక సభ్యుడు

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 58 సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పులకు చూపించడానికి పదిహేను రోజుల కిందట తీసుకువెళ్ళినప్పుడు, ఎలాగూ రక్తం తీస్తున్నారు కదా అని ప్యాకేజీలో ఉన్న పరీక్షలన్నీ చేయించాను. మిగిలినవి అటూఇటూగా సరిపోయాయి గానీ, క్యాల్షియం మాత్రం డెసిలీటరుకు 11.4 మిల్లీగ్రాములని, పక్కన పైకి చూపే బాణం గుర్తుతో వచ్చింది. ఆ ల్యాబ్ వేసిన పరిధి 8.6 నుంచి 10.2 వరకు. అదే కాగితంలో అల్బుమిన్ 3.9, క్రియాటినిన్ 0.8, ఫాస్ఫరస్ 2.4, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, హిమోగ్లోబిన్ 11.9, విటమిన్ డి 14 అని ఉన్నాయి.

మేము ఎప్పుడూ వెళ్ళే ఫిజీషియన్ గారు ఇది చూసి పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్ష రాశారు. అది 58 వచ్చింది. పరిధి 15 నుంచి 65 కాబట్టి దాని పక్కన ఏ గుర్తూ లేదు. పీటీహెచ్ నార్మల్‌గా ఉంది గనుక పారాథైరాయిడ్ సమస్య కాదని, లోపల ఇంకేదైనా ఉందేమో చూడాలని, పెట్ స్కాన్ చేయించడం మంచిదని ఆయన అన్నారు. ఆ స్కాన్ క్యాన్సర్ కోసం చేస్తారని ఇంటికి వచ్చి వెతికి తెలుసుకున్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆవిడ పైకి బాగానే ఉంటారు. వంట చేస్తారు, సాయంత్రం గుడికి నడిచి వెళ్ళివస్తారు. అయితే ఏడాదిగా నీరసమంటున్నారు, మలబద్ధకం ఉంది, రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు, మంచం పక్కన చెంబు ఉండాల్సిందే. షుగరు లేదు. నాలుగేళ్ళ కిందట కిడ్నీలో చిన్న రాయి వచ్చి దానంతటదే పడిపోయింది. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. క్యాల్షియం మాత్రలు అప్పుడప్పుడు వేసుకునేవారు. ఈ రిపోర్టు చూశాక నేనే మాన్పించాను. ఎముకల డాక్టరు గారు వారానికి ఒకటి చొప్పున 60 వేల యూనిట్ల విటమిన్ డి పొడి రాశారు గానీ, భయపడి ఇంకా మొదలుపెట్టలేదు.

పెట్ స్కాన్ వెంటనే చేయించాలా? పాలు, పెరుగు మాన్పించాలా? విటమిన్ డి మొదలుపెట్టవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం
ఎండోక్రినాలజీ వైద్యుడు, హైదరాబాద్

ముందుగా, ఏది అత్యవసరమో ఏది కాదో చెబుతాను. క్యాల్షియం 14 దాటినా, అంకె ఎంతున్నా సరే మనిషి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, వాంతులతో నీళ్ళు నిలవకపోయినా ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాలి. మీ అమ్మగారి పరిస్థితి అది కాదు. 12 లోపు ఉన్నదాన్ని స్వల్ప పెరుగుదల అంటాము. కారణం నిదానంగా, వరుసక్రమంలో వెతికే వ్యవధి మీకు ఉంది. ఈలోగా ఆవిడ నీళ్ళు బాగా తాగుతూ ఉండాలి.

ఇక మీ ప్రశ్నలో అసలైన మాట, ‘పీటీహెచ్ నార్మల్’. నేను మీ ఫిజీషియన్ గారితో ఏకీభవించనిది అక్కడే. మెడలో థైరాయిడ్ వెనుక కందిగింజంత పరిమాణంలో మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. రక్తంలో క్యాల్షియం తగ్గితే అవి పీటీహెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి, పెరిగితే దాదాపు ఆపేస్తాయి. ఇంటిపై ట్యాంకు నిండితే మోటారు ఆగాలి. ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్ళు కారుతున్నప్పుడు, మోటారు రోజూ తిరిగే వేగంతోనే తిరుగుతోంది కదా, దానిలో లోపమేమీ లేదని ఎవరూ అనరు. ఆ సమయంలో అది తిరుగుతూ ఉండటమే లోపం. క్యాల్షియం 11.4 ఉన్న మనిషిలో ఆరోగ్యంగా ఉన్న గ్రంథులు పీటీహెచ్‌ను 10కో 15కో దించి ఉండాలి. 58 ఉన్నదంటే అది ల్యాబ్ పరిధి ప్రకారం నార్మల్ కావచ్చు గానీ, ఆ క్యాల్షియం పక్కన పెట్టి చూస్తే నార్మల్ కాదు. ల్యాబ్ యంత్రం ఒక్కొక్క అంకెను విడిగా చూసి బాణం గుర్తు పెడుతుంది. ఈ రెండు అంకెలనూ మనం కలిపి చదవాలి.

రక్తంలో క్యాల్షియం పెరిగినవారిలో నూటికి తొంభై మందికి కారణం రెండింటిలో ఒకటి: పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, లేదా క్యాన్సర్. ఈ రెండింటినీ విడదీసేది స్కాన్ కాదు, పీటీహెచ్. క్యాన్సర్ వల్ల పెరిగినప్పుడు ఆరోగ్యంగా ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు తమ పని తాము చేసి పడుకుంటాయి గనుక పీటీహెచ్ బాగా అణిగిపోయి ఉంటుంది. పైగా అటువంటి క్యాల్షియం సాధారణంగా వారాల్లో పెరుగుతుంది, తరచుగా 13 దాటుతుంది, అప్పటికే ఆ మనిషి చిక్కిపోయి జబ్బు బయటపడి ఉంటుంది. ఏడాదిగా గుడికి నడిచి వెళ్తున్న మనిషిలో, అణగని పీటీహెచ్‌తో, నాలుగేళ్ళనాటి కిడ్నీ రాయితో, కొంచెం తగ్గిన ఫాస్ఫరస్‌తో కనిపించే 11.4 ఆ బొమ్మకు సరిపోదు. అది పారాథైరాయిడ్ బొమ్మ. పెట్ స్కాన్ ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం.

అయితే పారాథైరాయిడ్ అని ముద్ర వేసే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది మీరు రాసిన క్లోర్తాలిడోన్. అది మూత్రంలో క్యాల్షియం పోకుండా ఆపుతుంది. దానివల్లనే రక్తంలో కొంత పెరగవచ్చు, లేదా అప్పటికే లోపల దాగి ఉన్న పారాథైరాయిడ్ సమస్యను అది బయటపెట్టి ఉండవచ్చు. మీ ఫిజీషియన్ గారితో మాట్లాడి బీపీకి వేరే మాత్ర మార్పించి, కనీసం నాలుగు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి. మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపవద్దు. మానసిక వైద్యానికి లిథియం వాడుతున్నవారిలో కూడా ఇలాగే జరుగుతుంది, మీ అమ్మగారికి అది వర్తించదు.

రెండవది కుటుంబపరంగా వచ్చే ఒక నిరపాయకరమైన స్థితి. క్యాల్షియాన్ని పసిగట్టే గ్రాహకంలో పుట్టుకతోనే తేడా ఉండి, జీవితమంతా క్యాల్షియం కొద్దిగా ఎక్కువగా, పీటీహెచ్ ‘నార్మల్’గా, మూత్రంలో క్యాల్షియం చాలా తక్కువగా ఉంటుంది. దీనికి చికిత్స అక్కర్లేదు, ఆపరేషన్ చేసినా తగ్గదు. ఈ తేడా తెలియక అనవసరంగా మెడ కోయించుకున్నవారు ఉన్నారు. అందుకే 24 గంటల మూత్ర పరీక్ష కావాలి.

మీరు ఇప్పుడే, ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. ఇంట్లో పాత రిపోర్టులు వెతకండి. ఐదారేళ్ళ కిందటి క్యాల్షియం అంకె ఒక్కటి దొరికితే అది ఈ రోజు తీసే ఏ స్కాన్ కన్నా ఎక్కువ చెబుతుంది.

పాలు, పెరుగు మాన్పించవద్దు. పారాథైరాయిడ్ సమస్యలో తిండిలో క్యాల్షియం తగ్గిస్తే గ్రంథి మరింత రెచ్చిపోయి ఎముకల్లోంచి లాగుతుంది. మామూలు భోజనం చాలు, మాత్రల రూపంలో మాత్రం వద్దు. విటమిన్ డి 14 అంటే లోపమే. అది కూడా పీటీహెచ్‌ను పెంచుతుంది, మూత్రంలో క్యాల్షియాన్ని తగ్గించి లెక్కను తికమక చేస్తుంది. దాన్ని సరిచేయాలి గానీ వారానికి 60 వేల యూనిట్లతో కాదు. చిన్న మోతాదుతో, మధ్యలో క్యాల్షియం చూసుకుంటూ, కారణం తేలాక మొదలుపెడదాం.

ఒక చిన్న విషయం, సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాను. ఈ గ్రంథిని మొట్టమొదట గమనించింది మనిషిలో కాదు. 19వ శతాబ్దం మధ్యలో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన మన భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ దీన్ని చూశాడు. మనిషిలో దీన్ని 1880లో వర్ణించినది స్వీడన్‌కు చెందిన ఈవార్ సాండ్‌స్ట్రోమ్. మొదట అంత పెద్ద జంతువులో గానీ కంటపడనంత చిన్నది ఇది.

సమాధానం
విశాఖపట్నం నుంచి ఒక సభ్యుడు

డాక్టరు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీరు ఆలస్యం చేయవద్దని నా మనవి. మా మేనమామకు కూడా ఇలాగే క్యాల్షియం ఎక్కువని తేలింది. ఆయన చేత వెంటనే స్కాన్ చేయించబట్టే ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తెలిసింది. నాలుగు వారాలు మాత్ర మార్చి చూడటం, మూత్రం పట్టడం అంటూ కూర్చుంటే ఆయన విషయంలో ఏమయ్యేదో.

సమాధానం
ఎండోక్రినాలజీ వైద్యుడు, హైదరాబాద్

మీ మేనమామ గారి విషయంలో స్కాన్ చేయించినవారు సరైన పనే చేశారు. అయితే ఆయన రిపోర్టు మీ దగ్గర ఉంటే ఆ రోజు క్యాల్షియం ఎంత, పీటీహెచ్ ఎంత ఉన్నాయో చూసి ఇక్కడ రాయగలరా? ఆ రెండు అంకెలు తెలిస్తే రెండు దారులు ఎక్కడ విడిపోతాయో అందరికీ అర్థమవుతుంది.

సమాధానం
విశాఖపట్నం నుంచి ఒక సభ్యుడు

ఫైలు తీసి చూశాను. క్యాల్షియం 13.8, పీటీహెచ్ 5. పరీక్షకు ముందు రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారని కూడా డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. మీరు చెప్పిన తేడా ఇప్పుడు అర్థమైంది.

సమాధానం
నిజామాబాద్ నుంచి ఒక సభ్యురాలు

విటమిన్ డి గురించి మీరు భయపడి ఆగడమే మంచిదైంది. మా నాన్నగారి అనుభవం చెబుతాను, ఎవరికైనా పనికివస్తుంది.

ఆయన రిటైరైన ఉపాధ్యాయులు, అప్పటికి వయసు 71. నడుము నొప్పికి వెళ్తే వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశారు. మందుల దుకాణంలో ఎనిమిది ప్యాకెట్లు ఇచ్చారు, కవరు మీద ఏమీ రాయలేదు. నాన్నగారు రోజూ పొద్దున పాలలో ఒకటి కలుపుకుని తాగడం మొదలుపెట్టారు. అయిపోగానే ఆ చీటీ మీదే మళ్ళీ తెచ్చుకున్నారు. మూడు నెలలు మాకెవరికీ తెలియదు. ఆకలి పోయింది, వాంతులు వచ్చాయి, మతిమరుపు మొదలైంది. వయసు మీద పడిందనుకున్నాం. ఒకరోజు నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగారు. ఆసుపత్రికి తీసుకువెళ్తే క్యాల్షియం 14.6, క్రియాటినిన్ 2.3.

అక్కడ కూడా మొదట క్యాన్సర్ అనే అనుమానించారు. పీటీహెచ్ 6 వచ్చింది కాబట్టి పారాథైరాయిడ్ కాదని తేలింది. ఎముక మజ్జ జబ్బు మైలోమా ఉందేమోనని సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష చేశారు, అదీ లేదు. ఆ రాత్రి నేను ఇంటికి వచ్చి ఆయన బట్టలు సర్దుతుంటే, కిటికీలో ఆయన బ్లేడ్లు, గుండీలు వేసుకునే పాత హార్లిక్స్ సీసా కనిపించింది. అందులో చింపిన ప్యాకెట్లు చక్కగా మడిచి పెట్టి ఉన్నాయి. ఎప్పుడో లెక్క చూసుకోవడానికి దాచుకున్నట్టున్నారు. లెక్కపెడితే 80కి పైగా ఉన్నాయి. ఆ సీసా పట్టుకుని పొద్దున్నే వార్డుకు వెళ్ళాను. విటమిన్ డి పరీక్ష చేస్తే 150 కంటే ఎక్కువని వచ్చింది, ఆ యంత్రం అంతకు మించి చూపదట.

ఆపేసిన వెంటనే తగ్గిపోతుందనుకున్నాం గానీ అలా జరగలేదు. అది కొవ్వులో నిల్వ ఉంటుందని చెప్పారు. సెలైన్లు, స్టెరాయిడ్ మాత్రలు వాడినా క్యాల్షియం పూర్తిగా కిందికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆయన మనుషులను గుర్తుపడతారు, కిడ్నీ మాత్రం కొంత దెబ్బతిన్నది. స్కాన్ల కన్నా ముందు ఇంట్లో ఏమేమి మింగుతున్నారో అలమరాలు, సీసాలు, సంచులు వెతకండి. అడిగితే మాత్రం పెద్దవాళ్ళు, ఏమీ వాడటం లేదనే చెబుతారు.

సమాధానం
ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగంలో పనిచేసే సభ్యుడు, కర్నూలు

పరీక్ష మళ్ళీ చేయించబోతున్నారు గనుక, శాంపిల్ తీసే దగ్గర జరిగే పొరపాట్లు కొన్ని చెబుతాను. వీటిలో దేనివల్లనైనా అంకె మారుతుంది.

చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం దొరక్క రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచి, పిడికిలి ముడిచి తెరవమంటూ రక్తం తీస్తే క్యాల్షియం అబద్ధంగా కొంత పెరుగుతుంది. రక్తంలోని క్యాల్షియంలో సుమారు సగం అల్బుమిన్ అనే ప్రొటీన్ వంటివాటికి అంటుకుని ఉంటుంది. పట్టీ ఎక్కువసేపు ఉంటే నీరు బయటికి పోయి అల్బుమిన్ చిక్కబడుతుంది. అందుకే పట్టీ వదులుగా కట్టమని లేదా నరం దొరకగానే వదలమని అడగండి. అల్బుమిన్ తక్కువగా ఉన్నవారికి దీనికి విరుద్ధంగా, నిజంగా పెరిగిన క్యాల్షియం కూడా మామూలుగా కనిపిస్తుంది. 4 నుంచి మీ అల్బుమిన్ తీసివేసి, దాన్ని 0.8తో గుణించి, వచ్చినది క్యాల్షియానికి కలుపుకోవాలి. మీ అమ్మగారి మొదటి అంకె ప్రకారం 11.4కు 0.08 కలిపితే 11.48, అంటే పెద్ద తేడా లేదు. విదేశాల్లో ఉన్న సభ్యులు తమ రిపోర్టులో 2.8, 2.9 వంటి అంకెలు చూసి క్యాల్షియం బాగా తక్కువని అనుకోవద్దు. అవి మిల్లీమోల్స్, నాలుగుతో గుణిస్తే మన అంకె వస్తుంది.

క్యాల్షియం, పీటీహెచ్ రెండింటికీ ఒకే రోజు, ఒకే సూదితో రక్తం ఇవ్వండి. వారం తేడాతో తీసిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదవడం సరికాదు. పీటీహెచ్ బయట ఉంచితే చెడిపోయే హార్మోన్. ఊదా మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీస్తే కొంత నిలుస్తుంది. చిన్న కలెక్షన్ సెంటరులో ఇచ్చి సాయంత్రం దాకా బల్ల మీద ఉంచే బదులు, పరీక్ష చేసే ల్యాబ్‌కే వెళ్ళడం మంచిది.

ఇంకొకటి, చాలామంది డాక్టర్లు కూడా అడగడం మరచిపోయే విషయం. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు ఎవరైనా వాడుతున్నారా? వాటిలో 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది, మనకు రోజుకు కావలసినది మైక్రోగ్రాముల్లో. బయోటిన్, స్ట్రెప్టావిడిన్ పద్ధతిలో పనిచేసే యంత్రాల్లో ఇది పీటీహెచ్‌ను అబద్ధంగా తగ్గించి చూపుతుంది, అదే పద్ధతిలో చేసే విటమిన్ డిని అబద్ధంగా పెంచి చూపుతుంది. ఇక ఆలోచించండి: నిజానికి పారాథైరాయిడ్ సమస్య ఉన్న మనిషి రిపోర్టులో పీటీహెచ్ తక్కువ, విటమిన్ డి ఎక్కువ అని వస్తే వైద్యం ఎటు వెళ్తుందో! పరీక్షకు మూడు రోజుల ముందు వాటిని ఆపితే చాలు.

24 గంటల మూత్రం విషయంలో పది మందిలో ఆరేడుగురు తప్పు చేస్తారని నా అనుభవం. పొద్దున లేవగానే పోసే మూత్రం డబ్బాలో పట్టకూడదు, పారబోసి ఆ సమయం రాసుకోవాలి. అక్కడినుంచి పగలూ రాత్రీ ప్రతి చుక్కా పట్టి, మరుసటి రోజు అదే సమయానికి వచ్చే మొదటి మూత్రం కూడా కలిపి ఆపాలి. మలవిసర్జనకు వెళ్ళినప్పుడు పోయేదాన్ని పట్టడం చాలామంది మరచిపోతారు. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో అడుగున కొద్దిగా ఆమ్లం ఉండవచ్చు, నీళ్ళనుకుని కడిగేయవద్దు. అందులోనే క్రియాటినిన్ కూడా చూడమని తప్పక రాయించండి, అది లేకపోతే నిష్పత్తి కట్టలేము.

తాంబూలం అలవాటు ఉందా అని కూడా అడగాలనుకున్నాను. సున్నం ఎక్కువగా దట్టించి రోజుకు పది పదిహేను కిళ్ళీలు నమిలేవారిలోనూ, ఎసిడిటీకి క్యాల్షియం కార్బొనేట్ బిళ్ళలు చప్పరిస్తూ ఉండేవారిలోనూ క్యాల్షియం పెరిగి కిడ్నీ దెబ్బతినడం వైద్యగ్రంథాల్లో ఉన్నదే. అటువంటివారిలో పీటీహెచ్ అణిగి ఉంటుంది, బైకార్బొనేట్ పెరిగి ఉంటుంది. భోజనం తర్వాత ఒక చిలక చుట్టుకునేవారికి ఈ భయం లేదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే బీరువా వెతికాను. అమ్మ పట్టుచీరల కింద పెళ్ళి ఆల్బమ్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో 2019లో కంటి ఆపరేషన్‌కు ముందు తీసిన రక్త పరీక్షలు దొరికాయి. క్యాల్షియం 10.8 అని ఉంది. అప్పట్లో ఆవిడ బీపీకి ఈ మాత్ర కాదు, అమ్లోడిపిన్ వాడేవారు. ఆ కాగితం తీసుకుని ఫిజీషియన్ గారి దగ్గరకు వెళ్ళి, పీటీహెచ్ గురించి ఇక్కడ చదివినది చెప్పాను. ఆయన కాసేపు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, స్కాన్ మాట పక్కన పెట్టి, క్లోర్తాలిడోన్ తీసేసి టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ రాశారు. ఇంకేమైనా వాడుతున్నారా అని అలమరాలు వెతికితే బయోటిన్ ఏదీ దొరకలేదు. అమ్మ వక్కపొడి తప్ప సున్నం ముట్టరు.

నాలుగు వారాల తర్వాత ఒకే శాంపిల్‌లో క్యాల్షియం 11.2, అల్బుమిన్ 3.8, క్రియాటినిన్ 0.8, పీటీహెచ్ 74 వచ్చాయి. 24 గంటల మూత్రంలో క్యాల్షియం 262 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 860 మిల్లీగ్రాములు. దీని అర్థం ఏమిటి? ఇప్పుడు మెడకు స్కాన్ చేయిస్తే ఖాయమవుతుందా? ఆపరేషన్ అంటే ఆవిడ భయపడుతున్నారు, తప్పదా?

సమాధానం
ఎండోక్రినాలజీ వైద్యుడు, హైదరాబాద్

ఆ 10.8 అంకె దొరకడం మీ అదృష్టం. క్లోర్తాలిడోన్ మొదలుకాకముందే క్యాల్షియం ఎక్కువగా ఉన్నదంటే మాత్ర కారణం కాదు, ఇన్నేళ్ళలో అరపాయింటు మాత్రమే పెరిగినదంటే క్యాన్సర్ కథ కూడా కాదు.

నిష్పత్తి కట్టి చూద్దాం. మూత్రంలోని క్యాల్షియం 262ను రక్తంలోని క్రియాటినిన్ 0.8తో గుణిస్తే 209.6. రక్తంలోని క్యాల్షియం 11.2ను మూత్రంలోని క్రియాటినిన్ 860తో గుణిస్తే 9,632. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే సుమారు 0.022. ఇది 0.01 కంటే తక్కువ ఉంటే నేను చెప్పిన కుటుంబపరమైన స్థితిని అనుమానిస్తాము, 0.02 దాటితే పారాథైరాయిడ్ జబ్బు వైపు మొగ్గుతాము, మధ్యలో ఉంటే జన్యు పరీక్ష దాకా వెళ్ళవలసి రావచ్చు. విటమిన్ డి లోపం మూత్రంలో క్యాల్షియాన్ని తగ్గిస్తుంది. ఆ లోపం ఉండి కూడా ఇంత వచ్చిందంటే అనుమానం మరింత తీరింది. ఈసారి పీటీహెచ్ పరిధిని దాటే ఉంది. ఇది ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం, అంటే పారాథైరాయిడ్ గ్రంథే అతిగా పనిచేసే జబ్బు. మెడకు ఏ స్కాన్ తీయకముందే నిర్ధారణ అయిపోయింది.

స్కాన్ గురించి ఇది గట్టిగా గుర్తుంచుకోండి. మెడ అల్ట్రాసౌండ్, టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థంతో చేసే సెస్టామిబి స్కాన్ జబ్బు ఉందో లేదో చెప్పడానికి కాదు. నాలుగు గ్రంథుల్లో ఏది పెరిగిందో సర్జన్‌కు దారి చూపడానికి. స్కాన్‌లో ఏమీ కనబడకపోతే జబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. నూటికి ఎనభై ఐదు మందిలో ఒకే ఒక గ్రంథి పెరుగుతుంది, అది క్యాన్సర్ కాని గడ్డ. ఆపరేషన్ అక్కర్లేదని నిర్ణయించుకున్నవారికి ఆ స్కానే అనవసరం.

ఇక ఆపరేషన్. 50 ఏళ్ళ లోపు వయసు, పరిధికి పైన ఒక మిల్లీగ్రాము కంటే ఎక్కువ క్యాల్షియం, కిడ్నీలో రాళ్ళు, కిడ్నీ పనితీరు తగ్గడం, ఎముకలు బాగా గుల్లబారడం, వెన్నుపూస విరగడం, స్త్రీలలో రోజుకు 250 మిల్లీగ్రాములు దాటి మూత్రంలో క్యాల్షియం పోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆపరేషన్ సలహా ఇస్తాము. మీ అమ్మగారికి రాయి వచ్చిన చరిత్ర ఉంది, మూత్రంలోని అంకె కూడా హద్దు దాటింది. కిడ్నీలకు ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించండి, తెలియకుండా ఇంకా రాళ్ళు ఉండవచ్చు. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్షలో నడుము, తుంటితో పాటు ముంజేతిని కూడా తప్పక చూడమనండి. ఈ జబ్బు ముందుగా అక్కడి గట్టి ఎముకనే తింటుంది, మామూలు ప్యాకేజీలో దాన్ని వదిలేస్తారు. ఆవిడకు నేనైతే ఆపరేషనే చెబుతాను. ఈ ఆపరేషన్లు తరచుగా చేసే ఎండోక్రైన్ సర్జన్ దగ్గరకే వెళ్ళండి. ఒకే గ్రంథి అని ముందే తెలిస్తే మెడ మీద చిన్న గాటు, ఒకటి రెండు రోజుల ఆసుపత్రి. రక్తంలో పీటీహెచ్ కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది గనుక, గడ్డ తీసిన పది నిమిషాలకు మళ్ళీ రక్తం తీసి అది సగం కంటే కిందికి పడిందో లేదో చూసి, పడితేనే కుట్లు వేసే సౌకర్యం కొన్నిచోట్ల ఉంది. అది ఉన్న చోటును ఎంచుకుంటే మంచిది.

ప్రశ్న అడిగిన సభ్యుడు

చాలా కృతజ్ఞతలు డాక్టరు గారూ. నిన్న రాత్రి అన్నం తింటూ అమ్మకు మొత్తం చెప్పాను. ఆవిడ అంతా విని, "పెరుగు మానక్కర్లేదు కదా" అని మాత్రం అడిగారు. వచ్చే నెల సర్జన్‌ను కలుస్తున్నాము. ఆపరేషన్ తర్వాత ఏదైనా జాగ్రత్తగా గమనించవలసినది ఉందా?

సమాధానం
ఎండోక్రినాలజీ వైద్యుడు, హైదరాబాద్

ఉంది. ఇన్నేళ్ళుగా క్యాల్షియం పోగొట్టుకున్న ఎముకలు, గడ్డ తీయగానే రక్తంలోంచి దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెడతాయి. మీ అమ్మగారికి విటమిన్ డి తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం ఎక్కువ కాబట్టి ఇది జరిగే అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే ఇప్పుడు, ఆపరేషన్‌కు ముందున్న ఈ వారాల్లో, సర్జన్‌కు చెప్పి చిన్న మోతాదులో విటమిన్ డి మొదలుపెట్టించి, రెండు వారాలకు ఒకసారి క్యాల్షియం చూడండి. ఆపరేషన్ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల మధ్య, అంటే చాలాసార్లు ఇంటికి వచ్చేశాక, పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి వస్తే లేదా చేతివేళ్ళు కొంకర్లు పోతే క్యాల్షియం పడిపోతున్నదని అర్థం. ఏ మాత్ర ఎన్ని వేయాలో డిశ్చార్జి కాగితం మీద ముందే రాయించుకోండి. వేసుకున్నా తగ్గకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ రోజుల్లో పెరుగు రెండు పూటలా వేసుకోమనండి.